ఫిలిప్పీన్స్‌లో స్థానికుల హోటల్లో భోజనం: గిన్నెల దగ్గర నుంచి బిల్లు దాకా

దావావ్‌లోనూ, మనీలాని ఆనుకుని ఉన్న లాస్ పిన్యాస్‌లోనూ వైద్యం చదువుతున్న మన తెలుగు పిల్లలు చాలామంది. ఏళ్ల తరబడి అక్కడే ఉన్నా ఇండియన్ మెస్, జాలిబీ అనే ఫాస్ట్‌ఫుడ్ హోటల్ తప్ప మరో గడప తొక్కనివాళ్లు వాళ్లలో ఎందరో. 2025 నుంచి భారతీయ పర్యాటకులకు 14 రోజుల దాకా వీసా అక్కర్లేకపోవడంతో ఇక్కణ్నుంచి సరదాగా వెళ్లొచ్చేవాళ్లకీ దారి సులువైంది. ఎవర్ని కదిపినా ఒకటే మాట: "అక్కడి తిండి చప్పగా ఉంటుందండీ."

ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఫిలిపినో వంట పొయ్యి మీద పూర్తిగా ముగియదు. పులుపు, కారం, ఉప్పు ఎంత ఉండాలో తేల్చుకునే పని తినేవాళ్లకే వదిలేస్తారు. బల్ల మీద వెనిగర్ సీసా, సోయా సాస్, చిన్న నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు ఉండేది అందుకే. వాటిని ముట్టుకోకుండా పళ్లెంలో పెట్టింది పెట్టినట్టు తిని లేచిపోతే రుచి ఎలా తెలుస్తుంది? అక్కడి మనిషి నడిపే హోటల్లోకి ఎలా అడుగుపెట్టాలో, ఏం అడగాలో, ఏం కలుపుకోవాలో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు చోటు ఎంచుకోండి

జాలిబీ అందరికీ తెలుసు. కాల్చిన కోడికి పేరున్న మాంగ్ ఇనసాల్ 2003లో ఇలోయిలోలో మొదలై, 2010లో జాలిబీ చేతికి వెళ్లింది. ఇవి ఏ ఊళ్లో తిన్నా ఒకే రుచి. ఇక్కడ చెప్పబోయేది వాటి సంగతి కాదు.

స్థానికులు నడిపేవాటిలో మొదటిది కరిందేరియా. వీధి మలుపులో, మార్కెట్ లోపల, జీప్నీలు (అక్కడి పొడుగాటి షేర్ జీపులు) ఆగేచోట ఉంటుంది. అద్దాల పెట్టెలోనో, మూతలున్న గిన్నెల్లోనో ఎనిమిదో పదో కూరలు పెట్టి ఉంచుతారు. మీరు వేలు చూపిస్తారు, వాళ్లు వడ్డిస్తారు. తురో-తురో అన్నా ఇదే. వండేది ఎక్కువగా ఆ ఇంటి ఇల్లాలే. రెండోది కుటుంబ రెస్టారెంట్. మెనూ కార్డు, ఫ్యాన్లో ఏసీనో, పదిమంది కూర్చునే పెద్ద బల్లలు ఉంటాయి. మనీలాలో రోహాస్ బూలవార్డ్ మీద ఉన్న అరిస్టోక్రాట్ ఇలాంటివాటిలో పెద్దది. 1936లో ఆసియాంగ్ రేయెస్ అనే ఆవిడ బండి మీద అమ్మకంతో మొదలుపెట్టిన వ్యాపారం అది. మూడోది సాయంత్రం పూట బొగ్గుల మీద చేపలు, కోడి కాల్చి పెట్టే ఇహావన్.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నా సలహా కరిందేరియానే. మెనూలో పేరు చదివి ఊహించుకోవాల్సిన పని లేదు, కూర కళ్లెదుటే ఉంటుంది. నచ్చకపోతే పోయేది కొద్ది డబ్బే. నగరాల్లో ఒక కూర సాధారణంగా 50 నుంచి 100 పెసోలు, కప్పు అన్నం 10 నుంచి 20 పెసోలు. పెసో అంటే మన లెక్కలో రూపాయిన్నర దరిదాపు.

ఏ కరిందేరియాకి వెళ్లాలో తేల్చుకోవడానికి బయట కాసేపు నిలబడి చూడండి. ట్రైసికిల్ (అక్కడి ఆటో) డ్రైవర్లు, దగ్గరి ఆఫీసుల యూనిఫాం మనుషులు వచ్చి కూర్చుంటున్నారా? గిన్నెల మీద మూతలున్నాయా? ఖాళీ అయిన గిన్నె స్థానంలో వేడిది వస్తోందా? ఈ మూడూ ఉంటే లోపలికి వెళ్లొచ్చు.

వేళ తప్పితే గిన్నెలు ఖాళీ

మనం ఒంటిగంటన్నరకి, రెండుకి తీరిగ్గా అన్నం తింటాం. అక్కడ పన్నెండు కొట్టేసరికి అందరూ బల్ల ముందుంటారు. కరిందేరియాలో పొద్దున వండినవి పదిన్నర, పదకొండుకల్లా బయటికి వస్తాయి. పదకొండు, పదకొండున్నర మధ్య వెళ్తే అన్నీ ఉంటాయి, వేడిగా ఉంటాయి, చెప్పడానికి వాళ్లకి తీరికా ఉంటుంది. రెండు గంటలకి వెళ్తే అడుగున మిగిలిన నూనె తేలిన రసమే దొరుకుతుంది. దాన్ని తిని ఆ వంట మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. రాత్రి భోజనం కూడా ఆరున్నర, ఏడుకే.

పొద్దున్నే వెళ్తే సీలోగ్ అడగండి. వెల్లుల్లి వేసి వేయించిన అన్నం, గుడ్డు, పక్కన ఏదో ఒక మాంసమో చేపో. ఎండబెట్టిన గొడ్డుమాంసంతో అయితే తాప్సీలోగ్, బంగూస్ అనే చేపతో అయితే బంగ్సీలోగ్. మాంసం వద్దనుకుంటే అన్నం, గుడ్డు మాత్రమే ఇవ్వమన్నా ఇస్తారు.

ఇంకో సంగతి. అది కాథలిక్కుల దేశం. ఈస్టర్‌కి ముందు వచ్చే గురు, శుక్రవారాల్లో చిన్న హోటళ్లు చాలావరకు మూసేస్తారు. ఆ రోజుల్లో ప్రయాణం పడితే తిండి సంగతి ముందే చూసుకోండి.

గిన్నెల ముందు నిలబడి

వడ్డించే ఆవిడని ఆతే (అక్క) అనండి, మగవాళ్లని కూయా (అన్న) అనండి. వయసులో పెద్దావిడ అయితే దావావ్, సెబూ వైపు మానంగ్ అంటారు. తగలోగ్ మాట్లాడే చోట వాక్యంలో 'పో' చేరిస్తే మర్యాద. కుర్రాళ్లు "ఎక్స్‌క్యూజ్ మీ, హలో" అని చిటికెలు వేయడం నేను చూశాను. ఆ పని దయచేసి చేయకండి. పక్కవాళ్లు "ప్స్‌ట్" అని పిలుస్తున్నా సరే, మీరు "ఆతే" అని ఒక్కసారి పిలిస్తే ఆవిడ ముఖంలో తేడా కనిపిస్తుంది.

మూతలు తీసి చూపించమని అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. పనికొచ్చే మాటలు కొన్నే:

ఆనో పో ఇతో? (ఇదేంటండీ?)
మే బాబోయ్ పో బా? (ఇందులో పంది మాంసం ఉందా?)
మే బాకా పో బా? (గొడ్డుమాంసం ఉందా?)
మే హీపోన్ పో బా? (రొయ్యలు ఉన్నాయా?)
ఇసాంగ్ కానిన్ పో. (ఒక అన్నం ఇవ్వండి.)
మగ్కానో పో? (ఎంతండీ?)

దావావ్, సెబూలో మాట్లాడేది బిసాయా భాష. అక్కడ ధర అడగడానికి "పీలా?" చాలు. మీరు పైవి వాడినా అందరికీ అర్థమవుతుంది, ఇంగ్లిష్ కూడా నడుస్తుంది. అవుననడానికి మాట లేకుండా కనుబొమలు పైకెత్తుతారు. అటు చూడమనడానికి పెదాలు ముందుకి చాపుతారు. జవాబు రాలేదనుకుని రెట్టించి అడగకండి, అదే జవాబు.

ఒక కూర పూర్తిగా వద్దనుకుంటే సగం సగంగా రెండు రకాలు అడగండి. చాలాచోట్ల ఇస్తారు. కొన్నిచోట్ల చిన్న గిన్నెలో సూప్ కూడా ఉచితంగా పెడతారు. అది ఎక్కువగా ఎముకలు మరిగించిన నీళ్లే కాబట్టి మాంసం పట్టింపు ఉన్నవాళ్లు ముందే వద్దనండి.

మనం తినగలిగేవి ఏవి

ఇక్కడ తొందరపడకండి. పంది మాంసం అక్కడ రోజువారీ తిండి. కూరగాయల కూర అని పేరున్నదాంట్లో కూడా రుచికోసం నాలుగు ముక్కలు వేస్తారు. కోడో చేపో ఉన్నా "కర్నే (మాంసం) ఉందా" అని అడిగితే "లేదు" అనొచ్చు, ఎందుకంటే ఆ మాట వాళ్ల మనసులో పందికీ గొడ్డుకీ మాత్రమే వర్తిస్తుంది. కోడి, చేప, ఎండురొయ్యలు ఆ లెక్కలోకి రాకపోవచ్చు. అందుకే పేరుపేరునా అడగాలి.

పంది మాంసం మామూలుగా ఉండేవి: లెచోన్ (నిప్పుల మీద కాల్చిన పంది), సిసిగ్, డినుగువాన్. సిసిగ్ అంటే పంది తలమాంసం సన్నగా తరిగి, ఉల్లి, మిరప, కలమాన్సి అనే చిన్న నిమ్మ వేసి ఇనుప పెనం మీద చిటపటలాడుతూ తెచ్చేది. పంపాంగ ప్రాంతంలోని ఆంజెలెస్‌లో లూసియా కునానన్ దీనికి 1970లలో ఈ రూపం తెచ్చిందని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఇప్పుడు బంగూస్ చేపతోనూ, తోఫుతోనూ సిసిగ్ చేస్తున్నారు. డినుగువాన్ పంది రక్తంతో చేసే నల్లటి కూర. గొడ్డుమాంసం తిననివాళ్లు జాగ్రత్త పడాల్సింది కారే-కారే దగ్గర. వేరుశనగ గుజ్జుతో చిక్కగా, నారింజ రంగులో, వంకాయలూ అరటిపువ్వూ వేసి చూడ్డానికి ఎంతో బాగుంటుంది గానీ, అసలు సరుకు ఎద్దు తోక, పేగులు. రొయ్యలు, కూరగాయలతో చేసే కారే-కారే కుటుంబ రెస్టారెంట్లలో కొన్నిచోట్ల దొరుకుతుంది.

హలాల్ కావాలంటే దావావ్ ఉన్న దక్షిణ దీవి మిందనావ్‌లో ఇబ్బంది లేదు. మారానావ్, మగిందనావ్ ముస్లింలు నడిపే హోటళ్లు ఉన్నాయి. మనీలాలో కియాపో మసీదు చుట్టుపక్కల కూడా ఉన్నాయి. అక్కడ పాస్తిల్ అడగండి. అరటాకులో వేడి అన్నం, దాని మీద పొడిపొడిగా వేయించిన కోడి. మారానావ్ హోటల్ అయితే పాలాపా తప్పనిసరి. ఉల్లికాడ జాతి మొక్క, అల్లం, మిరప దంచి చేసే ఆ కారం ఈ దేశంలో మన నాలుకని ఒక్క దెబ్బకి లేపగలిగిన కొన్నింటిలో ఒకటి. పంది వద్దనుకునే ఎవరైనా ఈ హోటళ్లకి వెళ్లొచ్చు. గొడ్డుమాంసం మాత్రం అక్కడ బాగా వాడతారు.

పూర్తి శాకాహారులకి ఉన్నమాట చెప్పాలి: కరిందేరియా గిన్నెల్లో మీకు నమ్మకంగా దొరికేది దాదాపు ఏమీ ఉండదు. పినక్‌బెట్‌లో కాకర, వంక, బెండ, గుమ్మడి అన్నీ మన కూరలే, కానీ రుచంతా పులియబెట్టిన రొయ్యల ముద్దదో చేపల ముద్దదో, అంటే బాగోఓంగ్‌దే. బికోల్ ప్రాంతపు లాయింగ్ ఎండబెట్టిన చేమాకుని కొబ్బరిపాలలో ఉడికించి చేస్తారు. అందులోనూ ఎండుచేపో రొయ్యల ముద్దో పందిముక్కో పడుతుంది. కాబట్టి మీరు ఆర్డరిచ్చాక వండే చోటికి వెళ్లండి. కాంగ్‌కోంగ్ (తూటికూర), సితావ్ (బొబ్బర్లకాయలు), క్యాబేజీ, తోక్వా (తోఫు) ఏదైనా చూపించి "వెల్లుల్లి, ఉల్లి, టమాటా వేసి వేయించండి, బాగోఓంగ్ వద్దు, పాతిస్ వద్దు, ఆయిస్టర్ సాస్ వద్దు" అనండి. పాతిస్ చేపల నుంచి తీసిన ఉప్పునీరు, దాన్ని వాళ్లు ఉప్పుకి బదులు వాడతారు. మాంసపు రుచినిచ్చే క్యూబులు కూడా వద్దని చెప్పడం మరవకండి. గుడ్డు తినేవాళ్లకి తోర్తాంగ్ తలోంగ్ ఉంది. వంకాయని మంట మీద కాల్చి, తొక్క తీసి, తొడిమతో సహా అదిమి, గిలక్కొట్టిన గుడ్డులో ముంచి వేయిస్తారు. నాకు మొత్తం ఫిలిపినో వంటలోనే ఇది ప్రాణం. మాంసం ముక్కలు కలిపి చేసే రకం కూడా ఉంది గనుక ఒక మాట అడగండి.

మొదటిసారి ఇవి తినండి

పులుపు ఇష్టపడే తెలుగు నాలుకకి ఆ దేశంలో మొదటి చుట్టం సినిగాంగ్. పచ్చి చింతకాయ ఉడకబెట్టి పిండిన పులుపులో ముల్లంగి, చేమదుంప, బెండకాయ, బొబ్బర్లకాయలు, తూటికూర, పొడుగు పచ్చిమిరపకాయ, వీటితో పాటు రొయ్యలో చేపో పందో. పోపు పెట్టని పప్పులేని పులుసు అనుకోండి. చిక్కదనం ఆశించకండి, ఇది తేటగా ఉండాలి. "సినిగాంగ్ న హీపోన్" అంటే రొయ్యలది, "సినిగాంగ్ న బంగూస్" అంటే చేపది. పులుపు ఊరిని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల జామపండు, కొన్నిచోట్ల కామియాస్ కాయలు, ఇలోయిలో, బకోలోద్ వైపు బాత్వన్ అనే కాయ. ఆ వైపే లాబోగ్ అనే ఆకుతో కోడిసూప్‌కి పులుపు తెస్తారు. ఆ లాబోగ్ మన గోంగూరే. మార్కెట్లో దాన్ని కట్టలుగా చూసిన తెలుగువాడు పలకరించకుండా వెళ్లలేడు.

తర్వాత అడోబో. వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకు, ఇవే సరుకులు. సాన్ బ్వెనవెంతురా అనే స్పెయిన్ పాదిరి రాయగా 1613లో అచ్చయిన తగలోగ్ నిఘంటువులో ఈ పేరు ఉంది. పేరు స్పెయిన్‌వాళ్లది గానీ, వెనిగర్‌లో ఉడికించి నిలవ ఉంచే పద్ధతి వాళ్లు రాకముందే ఉంది. ఎండదేశంలో ఫ్రిజ్ లేకుండా మాంసం చెడకుండా ఉండాలంటే పులుపే దిక్కు. కరిందేరియాలో కూరలు గది వేడిలో ఉంటాయని భయపడేవాళ్లు అడోబోతో మొదలుపెట్టడం అందుకే మంచిది. కోడి అడోబో అని అడిగినా కొన్నిచోట్ల కోడి, పంది కలిపి వండుతారు, చూసుకోండి.

ఒంట్లో బాగాలేని రోజు తినోలా. అల్లం, పచ్చి బొప్పాయి, మునగాకు వేసిన కోడి సూప్. అక్కడ మునగాకుని మలుంగ్గాయ్ అంటారు.

శుక్రవారం వెళ్తే మోంగో, అంటే పెసలు. మాంసం మానే రోజు గనుక శుక్రవారం పెసలు వండటం వాళ్ల ఆనవాయితీ. వెల్లుల్లి, టమాటాతో మెత్తగా ఉడికించి, కాకరాకో మునగాకో వేస్తారు. కానీ పైన వేయించిన పంది తొక్క చల్లడం, లోపల పొగచేప వేయడం మామూలే.

చేపలు తినేవాళ్లు దావావ్‌లో ఉంటే ట్యూనా వదలకండి. బొగ్గుల మీద కాల్చిన ట్యూనా దవడ పాంగ అని వస్తుంది. ఎముక సందుల్లోంచి మాంసం లాక్కుని తినాలి. పచ్చి చేపని వెనిగర్, అల్లం, ఉల్లి, మిరపతో కలిపే కినిలావ్ కూడా అక్కడ గొప్పగా ఉంటుంది. అయితే జనం బాగా వచ్చే చోట, ఆ రోజు తెచ్చిన చేపతో, అప్పటికప్పుడు కలిపిస్తేనే తినండి. అద్దాల పెట్టెలో పొద్దుట్నుంచీ ఉన్నది వద్దు.

గిన్నెలో మీ పని: సావ్‌సావన్

వంట సగం మీ చేతిలో ఉందని మొదట్లో అన్నాను కదా, ఆ సగం ఇదే. సావ్‌సావన్ అంటే ముంచుకు తినే సాస్. రెడీమేడ్‌గా తేరు, సరుకులు తెస్తారు. సూకా (వెనిగర్), తోయో (సోయా సాస్), పాతిస్, కలమాన్సి, సీలి (మిరప). బల్ల మీద లేకపోతే అడగండి, చిన్న గిన్నె కూడా అడగండి.

కలమాన్సి చిన్న నిమ్మ. పైన పచ్చగా, లోపల నారింజ రంగులో, నిండా గింజలతో ఉంటుంది. పైభాగంలో కొద్దిగా కోసి ఇస్తారు. కోసిన వైపు పైకి ఉండేలా వేళ్ల మధ్య పట్టుకుని, గిన్నె మీద చెంచా అడ్డం పెట్టి నొక్కాలి. గింజలు చెంచాలో ఆగిపోతాయి, రసం పక్క నుంచి జారుతుంది. ఒకటి సరిపోదు, మూడు నాలుగు పిండండి. అందులో రెండు చెంచాల తోయో పోసి, సీలింగ్ లబూయో అనే చిట్టి మిరపకాయని ఫోర్కు వెనకవైపుతో చితక్కొట్టి కలపండి. మిరపకాయ ఊరికే వేసి వదిలేస్తే కారం దిగదు, గింజలు బయటపడేదాకా నలపాలి. కాల్చిన కోడికి, కాల్చిన చేపకి, వేయించిన తోఫుకి ఇదే.

వేయించిన చేపకీ, లుంపియా అనే స్ప్రింగ్ రోల్స్‌కీ సోయా అక్కర్లేదు. వెనిగర్‌లో దంచిన వెల్లుల్లి, ఉప్పు, మిరియాలు, మిరప చాలు. బకోలోద్‌లో ఇనసాల్ (బొగ్గుల మీద కాల్చిన కోడి) హోటళ్లలో అల్లం, వెల్లుల్లి, మిరపకాయలు ఊరిన వెనిగర్ సీసా బల్ల మీదే ఉంటుంది. దాని పేరు సినామాక్. ఇనసాల్‌తో పాటు నారింజ రంగు కోడినూనె కూడా పెడతారు. అది వేడి అన్నం మీద పోసుకోవాలి, తర్వాత సినామాక్. ఆ రెండూ కలిసిన అన్నం తినకుండా ఇనసాల్ తిన్నానంటే నేను ఒప్పుకోను.

సినిగాంగ్‌కి పద్ధతి వేరు. సూప్‌లో తేలే పొడుగు పచ్చిమిరపకాయని చెంచాతో బయటికి తీయండి. చిన్న గిన్నెలో పాతిస్ వేసి, ఆ మెత్తబడిన మిరపకాయని అందులో నలపండి. ముక్కని, ముల్లంగిని అందులో అద్ది తినాలి, సూప్ విడిగా తాగాలి. పాతిస్ వాసనకి మొదట ముఖం తిప్పుకుంటారు. రెండు చుక్కలతో మొదలుపెట్టండి.

కారే-కారే పక్కన వచ్చే బాగోఓంగ్ అలంకారానికి కాదు. ఆ కూరలో ఉప్పు కావాలనే తక్కువ వేస్తారు. ప్రతి ముద్దకీ కొద్దికొద్దిగా అద్దుకోవాలి. రొయ్యలంటే ఒంటికి పడనివాళ్లు దాన్ని బల్ల మీద నుంచే తీయించేయండి.

పచ్చి బొప్పాయి తురుముతో చేసే తీపి-పులుపు అచారా కూడా అడగండి. కాల్చిన మాంసానికి అది మంచి తోడు.

అన్నం, చెంచా, చేయి

కుడిచేతిలో చెంచా, ఎడంచేతిలో ఫోర్కు. ఫోర్కుతో చెంచాలోకి తోయాలి, చెంచా అంచుతో ముక్క కోయాలి. కత్తి ఇవ్వరు, అవసరం రాదు. చేత్తో తినొచ్చా అని మనవాళ్లు మొహమాటపడతారు. కాల్చిన కోడి, చేప ఉన్నచోట వాళ్లూ చేత్తోనే తింటారు. హోటల్ లోపలే చేతులు కడుక్కునే కుళాయి ఉంటుంది, కడుక్కుని హాయిగా తినండి. సూప్ ఉన్నప్పుడు మాత్రం చెంచా మేలు. కూరని అన్నం మీద కుమ్మరించి కలిపేయకండి. కొంచెం అన్నం, కొంచెం కూర, ఒక అద్దు, ఇదీ వరస.

కుటుంబంతో వెళ్తే

కుటుంబ రెస్టారెంట్‌లో ఒక్కో వంటకం ఇద్దరు ముగ్గురికి, కొన్నిచోట్ల నలుగురైదుగురికి సరిపడా వస్తుంది. మనిషికొకటి చెప్పేస్తే సగం మిగిలిపోతుంది. ఎంతమందికి వస్తుందో ముందే అడగండి. నలుగురుంటే ఒక పుల్లటి సూప్, ఒక కాల్చినది, ఒక కూరగాయ, ఒక పాన్సిట్ చాలు. పాన్సిట్ అంటే నూడుల్స్. పుట్టినరోజున అవి తింటే ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం గనుక ఆ రోజు ఏ బల్ల మీద చూసినా అవే.

అరటాకులు పరిచి, అన్నం పొడుగ్గా పోసి, చుట్టూ చేపలు, రొయ్యలు, మామిడికాయ ముక్కలు సర్ది అందరూ ఒకే ఆకు మీద చేత్తో తినే విందుని కమాయన్ అంటారు, బూడుల్ ఫైట్ అనీ అంటారు. ముందురోజే చెప్పాలి. ఒకసారి పరిచాక విడదీయలేరు గనుక పంది, గొడ్డు వద్దని ఆర్డరప్పుడే చెప్పండి. మీ ఎదుట ఉన్నదే తినండి, అవతలివాళ్ల వైపు చేయి చాచకండి.

ఫిలిపినో మిత్రులతో వెళ్తే రెండు సంగతులు గుర్తుంచుకోండి. తింటున్నవాళ్లు "కాయిన్ తాయో" (రండి, తిందాం) అంటే అది మర్యాద పలకరింపు. నవ్వి "సలామత్ పో" అంటే చాలు, మళ్లీ మళ్లీ పిలిస్తేనే కూర్చోండి. పళ్లెంలో చివరి ముక్క ఎవరూ తీసుకోరు, సిగ్గు. ఎవరైనా మీ పళ్లెంలో వేస్తే కాదనకండి.

తీపి

హాలో-హాలో తెచ్చాక వెంటనే పైపైన తినేయకండి. కింద తీపి బీన్స్, కొబ్బరి, జెల్లీ, మధ్యలో మంచు తురుము, పాలు, పైన ఊదారంగు ఊబే దుంప ముద్ద, లెచే ఫ్లాన్ అనే గుడ్డు-పాల పుడ్డింగ్. పొడుగు చెంచాతో అడుగు నుంచి పైకి తిప్పి, పాలు మంచులోకి దిగాక తినాలి. శాకాహారులకి తురోన్ సరిగ్గా సరిపోతుంది. అరటిపండు, పనసతొన పల్చటి రేకులో చుట్టి, చక్కెరతో వేయిస్తారు. చేపలు వేయించిన నూనె కాదని మాత్రం అడిగి తెలుసుకోండి.

బిల్లు

"బిల్ అవుట్ పో" అనండి, లేదా రెండు చూపుడువేళ్లతో గాల్లో నలుచదరం గీయండి. రెస్టారెంట్ ధరల్లో 12 శాతం వ్యాట్ సాధారణంగా కలిసే ఉంటుంది. సర్వీస్ చార్జి వేస్తే మళ్లీ టిప్ అక్కర్లేదు, 2019 చట్టం ప్రకారం అది మొత్తం పనివాళ్లకే చెందాలి. అది లేకపోతే 20, 50 పెసోలు ఉంచండి. వృద్ధులకిచ్చే 20 శాతం తగ్గింపు ఆ దేశ పౌరులకి, మీ పెద్దవాళ్ల పేరు మీద అడగొద్దు. కరిందేరియాకి చిల్లర తీసుకెళ్లండి. పొద్దున్నే 1000 పెసోల నోటు ఇస్తే ఆతే పక్క కొట్లకి పరిగెత్తాల్సి వస్తుంది. ఊరివాళ్లు ఫోన్లో జీక్యాష్‌తో కట్టేస్తారు, రెండు రోజులకి వచ్చినవాళ్లకి నగదే దారి.

రెండోసారి వెళ్లండి

అక్కడే ఉండి చదువుకునే పిల్లలకి ఇది ముఖ్యంగా చెబుతున్నాను. ఒకే కరిందేరియాకి తరచుగా వెళ్తే మీరు సూకి అవుతారు, అంటే వాడుకగా వచ్చే గిరాకీ. సూకికి ముక్క కొంచెం పెద్దది పడుతుంది, మీకు నచ్చే కూర అయిపోయేలోపు ఓ గిన్నె పక్కన పెడతారు. అంతకన్నా పెద్ద లాభం శాకాహారులకి. గురువారం సాయంత్రం వెళ్లి "రేపు మోంగో వండుతారు కదా ఆతే, చేప, పంది తొక్క వేయకముందే నాకు ఓ గిన్నె తీసి ఉంచండి, ఉప్పు మాత్రం వేయండి" అని చెప్పండి. పెసలు ఎలాగూ విడిగానే ఉడుకుతాయి, ఆవిడకి అదనపు పని ఏమీ ఉండదు. శుక్రవారం పదకొండుకల్లా వెళ్లి, రెండు కలమాన్సిలు పిండుకుని, ఒక మిరపకాయ నలిపి, వేడి అన్నంతో తినండి. డబ్బా తీసుకెళ్తే "పాబాలోత్ పో" అనండి, రాత్రికి కూడా కట్టిస్తారు.